కలం మారినా వ్రాత నిలవాలి
(కంప్యూటరు ఎడిటర్ల అరవై ఏళ్ళ కథ)



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్సుమెంటు గురించి నాకన్న బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. కనుక నేను వేరొక విషయం ఎన్నుకున్నాను. 1972లో టైపిస్టుగా చేరి 2008లో పదవీ విరమణ చేసేదాకా వ్రాత పనిముట్లతోనే నా కాలం గడిచింది. ఆ పనిముట్ల చరిత్రలో మన తరానికి అంతగా తెలియని ఒక అధ్యాయం ఇక్కడ మనవి చేస్తాను.

మన పిల్లలు, మనవలు ఎందరో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలలో ఉన్నారు. రోజంతా ఏం చేస్తారని అడిగితే 'ప్రోగ్రామింగ్' అంటారు. వెనుక నిలబడి చూస్తే చాలావరకు మనం చేసిన పనే కనబడుతుంది. వ్రాయడం, కొట్టివేయడం, దిద్దడం, మళ్ళీ వ్రాయడం! ఆ పనికి వారు వాడే సాధనం పేరు టెక్స్ట్ ఎడిటర్. మన రోజుల్లో రెమింగ్టన్ మిషను మీద తప్ప గోద్రెజ్ మీద చెయ్యి పెట్టనివారు ఉండేవారు గుర్తుందా? ఎడిటర్ల విషయంలో ప్రోగ్రామర్ల పట్టుదల అంతకు పదింతలు. 'నీదే ఎడిటరు?' అన్న ప్రశ్న మీద వారు నలభై ఏళ్ళకు పైగా వాదించుకుంటున్నారు.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. మనం ఉత్తరాలు టైపు చేసే వర్డ్ ప్రాసెసర్ వేరు, ఎడిటర్ వేరు. వర్డ్ ప్రాసెసర్ అక్షరాలతో పాటు వాటి లావు, రంగు, మార్జిన్లు కూడా ఫైలులో దాస్తుంది. ఎడిటర్ ఒట్టి అక్షరాలనే దాస్తుంది. 1963లో అమెరికా వారు ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరానికి ఒక్కొక్క సంఖ్య కేటాయిస్తూ 'ఆస్కీ' అనే ప్రమాణం తెచ్చారు. పెద్ద 'ఎ' అక్షరానికి 65, 'బి'కి 66, ఇలాగ. ఆ సంఖ్యల వరుసే సాదా పాఠం. కథ చివర దీనితో మనకు పని పడుతుంది.

కాగితం మీద సవరణ

1960లలో చాలా కంప్యూటర్లకు తెర ఉండేది కాదు. ప్రోగ్రామును అట్టముక్కల మీద కంతలు చేసి గాని, కాగితపు టేపు మీద కంతలు చేసి గాని ఇవ్వాలి. అట్ట మీద ఒక్క అక్షరం తప్పు పడితే ఆ అట్ట పారేసి కొత్తది కొట్టాలి. స్టెన్సిల్ కోసినవారికి ఆ బాధ తెలుసు. మనకు ఎర్ర కరెక్షన్ ఫ్లూయిడ్ అయినా ఉండేది, వారికి అదీ లేదు. 1962 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో డాన్ మర్ఫీ అనే ఆయన టేపు మీది పాఠాన్ని కంప్యూటరు చేత దిద్దించే 'టెకో' అనే ఎడిటరు వ్రాశారు. ఇది మొదటి తరం.

తరువాత టెలిటైపు వచ్చింది. మన తంతి కార్యాలయాల్లోని టెలిప్రింటరు వంటిదే. మోడల్ 33 అనే యంత్రం సెకనుకు 10 అక్షరాలు కాగితం మీద కొట్టేది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ వ్యవస్థ తయారుచేస్తూ, ఇలాంటి యంత్రం కోసం 'ఈడీ' అనే ఎడిటరు వ్రాశారు. (నోటీసులిచ్చే ఈడీ కాదు, కంగారు పడవద్దు.) కంప్యూటరులోని పాఠం కంటికి కనబడదు. మీరు ఆజ్ఞ ఇవ్వాలి, అది సవరించాలి. ఆ ఆజ్ఞ ఎలా ఉండేదో మనకు వేరే చెప్పనక్కర లేదు. జి.ఓ.లకు సవరణలు జారీ చేసినప్పుడు మనం వ్రాసిన వాక్యమే అది: "3వ పేరా, 2వ వరుసలో 'ఫలానా' అను పదమునకు బదులు 'ఫలానా' అని చదువుకొనవలెను." ఈడీలో దీన్ని గీతలతో విడదీసి పది పదిహేను అక్షరాల్లో చెప్పేవారు. ఒక్క వరుసకే కాదు, ఫైలంతటికీ ఒకేసారి ఆ ఉత్తర్వు వర్తింపజేయవచ్చు కూడా.

ఆజ్ఞలో తప్పుంటే ఈడీ ఇచ్చే సమాధానం ఒకే ఒక ప్రశ్నార్థకం గుర్తు. కారణం చెప్పదు. మన బిల్లు వాపసు వచ్చినప్పుడు కనీసం ఒక అభ్యంతరమైనా వ్రాసి ఉండేది! ఆ పొదుపుకు కారణం లేకపోలేదు. సెకనుకు 10 అక్షరాలు కొట్టే యంత్రం దగ్గర పెద్ద వాక్యాలు వస్తూ కూర్చుంటే పని సాగదు.

తెర వచ్చింది

1970లలో తెర ఉన్న టెర్మినళ్ళు చవకై విశ్వవిద్యాలయాలకు వచ్చాయి. లండన్‌లోని క్వీన్ మేరీ కళాశాలలో జార్జ్ కులూరిస్ ఈడీని సవరించి, దిద్దుతున్న వరుస తెర మీద కనబడేలా చేశారు. దానికి 'ఎమ్' అని పేరు పెట్టారు. మామూలు మానవుల కోసం చేసిన ఎడిటరు అని అర్థమట. ఈడీ దేవతలకే తప్ప మనుషులకు పనికిరాదని చమత్కారం. 1976 వేసవిలో ఆయన కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళినప్పుడు దాన్ని వెంట తీసుకువెళ్ళారు. అక్కడ బిల్ జాయ్ అనే విద్యార్థి దాన్ని చూసి, మిత్రుడు చక్ హేలీతో కలిసి 'ఎక్స్' అనే ఎడిటరు తయారుచేశాడు. దాని నుంచి జాయ్ పేజీ అంతా తెర మీద చూపే 'వీఐ' వ్రాశాడు. 1979లో బర్క్‌లీ వారు పంచిపెట్టిన రెండవ టేపులో అది చాలామందికి చేరింది. ఆ జాయ్ గారే 1982లో సన్ మైక్రోసిస్టమ్స్ స్థాపకులలో ఒకరయ్యారు.

వీఐ పద్ధతి కొత్తవారికి వింతగా ఉంటుంది. అందులో మీటలకు రెండు అవతారాలు. వ్రాత అవతారంలో ఉన్నప్పుడు ఏ మీట నొక్కితే ఆ అక్షరం పడుతుంది. ఆజ్ఞ అవతారంలో ఉన్నప్పుడు అదే మీట ఒక ఉత్తర్వు అవుతుంది. 'డి' రెండుసార్లు నొక్కితే వరుస పోతుంది, 'యు' నొక్కితే పోయినది తిరిగి వస్తుంది. ఎస్కేప్ మీటతో వ్రాత నుంచి ఆజ్ఞకు మారాలి. తెలియనివాడు దాని లోపలికి వెళ్ళి బయటికి రాలేక తంటాలు పడతాడు. వీఐ వారసుడైన 'విమ్' నుంచి బయటపడడం ఎలాగని ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక ఒకదానిలో ఎవరో అడిగిన ప్రశ్నను 2017 నాటికి పది లక్షల సార్లు తెరిచి చూశారు.

ఇంత తిరకాసు ఎందుకు పెట్టారు? జాయ్ ఇంటి దగ్గర నుంచి టెలిఫోను తీగ మీద పనిచేసేవాడు. ఆ తీగ మీద సెకనుకు సుమారు 30 అక్షరాలు వస్తాయి. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు ఉన్న తెర పూర్తిగా నిండాలంటే 1,920 అక్షరాలు రావాలి. అంటే నిమిషం పైనే. కాబట్టి ఆజ్ఞ చిన్నదిగా ఉండాలి, తెర తిరిగి వ్రాయడం తక్కువగా ఉండాలి. ఇక ఆయన వాడిన ఏడీఎమ్-3ఎ టెర్మినల్‌కు నాలుగు దిక్కుల బాణాలకు వేరే మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే బాణాలు ముద్రించి ఉండేవి. అందుకే వీఐలో నేటికీ ఆ నాలుగు అక్షరాలతోనే ఎడమకు, కిందికి, పైకి, కుడికి వెళతారు. ఎస్కేప్ మీట కూడా ఆ టెర్మినల్ మీద 'క్యూ' పక్కనే చిటికెన వేలికి అందేది. నేడది మూలకు పోయింది. టెర్మినళ్ళు ఎప్పుడో మూలపడ్డాయి గాని, వాటి మీటల అమరిక లక్షల మంది వేళ్ళలో బతికే ఉంది. ఇందులో ఆశ్చర్యం లేదు. మనం నేర్చిన ఇంగ్లీషు టైపు మీటల వరుస 1874లో రెమింగ్టన్ కంపెనీ అమ్మిన మిషను నాటిది. సెల్‌ఫోను మీద మన మనవరాలు మెసేజీ కొట్టేదీ ఆ వరుసలోనే.

రెండవ పంథా

అదే 1976లో ఎం.ఐ.టి.లో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ కలిసి టెకో మీద కట్టిన ఎడిటరు 'ఈమాక్స్'. ఇందులో అవతారాలు లేవు. మీట నొక్కితే ఎప్పుడూ అక్షరమే పడుతుంది. ఆజ్ఞ ఇవ్వాలంటే కంట్రోల్ వంటి మరో మీటను పట్టుకుని నొక్కాలి. వాడేవాడు తన అవసరానికి తగినట్లు దానికి కొత్త విద్యలు నేర్పుకోవచ్చు. క్రమంగా ఉత్తరాలు చదవడం, క్యాలెండరు చూడడం అన్నీ అందులోనే చేరాయి.

స్టాల్‌మన్ మొదట్లో పెట్టిన షరతు ఒక్కటే: మీరు చేసిన మెరుగుదలలు తిరిగి అందరికీ ఇవ్వాలి. 1981లో జేమ్స్ గోస్లింగ్ (తరువాతి కాలంలో జావా భాష సృష్టించినది ఆయనే) యూనిక్స్ కోసం మరొక ఈమాక్స్ వ్రాశారు. అది తరువాత ఒక వ్యాపార సంస్థ చేతికి వెళ్ళింది. స్టాల్‌మన్ 1984లో మొదలుపెట్టి 1985లో సొంతంగా గ్నూ ఈమాక్స్ విడుదల చేశారు. టేపు ధర 150 డాలర్లు. అయితే కొన్నవాడు ఎందరికైనా కాపీ చేసి ఉచితంగా ఇవ్వవచ్చు. నేడు ప్రపంచమంతా వాడుతున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమంలో తొలి ఫలాలలో ఒక ఎడిటరు ఉన్నదన్న సంగతి గమనించదగినది.

ఇక్కడి నుంచి ప్రోగ్రామర్లు రెండు శిబిరాలయ్యారు. వీఐ వారిది తక్కువ మీటలతో తొందరగా పని ముగించే పద్ధతి. ఈమాక్స్ వారిది ఒకచోట కూర్చుని సమస్తం చక్కబెట్టుకునే పద్ధతి. మన ఆఫీసుల్లో ఒకరు చిన్న చిత్తు కాగితంతో సరిపెట్టుకుంటే, మరొకరు టేబులు నిండా రిజిస్టర్లు పరచుకున్నట్లు.

మన బల్లల మీదికి వచ్చిన వర్డ్‌స్టార్

మన తరంలో కంప్యూటరు ముట్టుకున్నవారిలో చాలామంది మొదట ఎరిగినది వర్డ్‌స్టార్. 1978లో మైక్రోప్రో కంపెనీ తరఫున రాబ్ బర్నాబీ వ్రాసిన సాధనమది. మా కార్యాలయానికి 1991లో ఒకే ఒక కంప్యూటరు వచ్చినప్పుడు, చెప్పులు బయట విడిచి ఏ.సి. గదిలోకి వెళ్ళి నేర్చుకున్నాను. కంట్రోల్ పట్టుకుని ఇ, ఎస్, డి, ఎక్స్ మీటలతో నాలుగు దిక్కులకూ కదలడం ఇప్పటికీ నా ఎడమ చేతికి గుర్తే. 1983లో వచ్చిన టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనం కూడా ఆ మీటలనే వాడుకుంది. వర్డ్‌స్టార్ నుంచి వచ్చినవాడి చెయ్యి తడబడకుండా ఆ ఏర్పాటు పనికివచ్చింది. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అనే ప్రసిద్ధ అమెరికన్ నవలా రచయిత డాస్ యంత్రం మీద వర్డ్‌స్టార్ 4.0 తోనే తన నవలలు వ్రాస్తానని 2014లో చెప్పారు.

అయితే వర్డ్‌స్టార్‌లో ఒక మెలిక ఉండేది. డాక్యుమెంటు పద్ధతిలో వ్రాస్తే, ప్రతి మాట చివరి అక్షరం సంఖ్యను అది తన సౌకర్యం కోసం మార్చి దాచేది. ఆ ఫైలును వేరే సాధనంలో తెరిస్తే మాటల చివర్లు వికారంగా కనబడేవి. ప్రోగ్రాములు వ్రాసేవారు అందుకే 'నాన్ డాక్యుమెంటు' పద్ధతి ఎంచుకునేవారు. అప్పుడు ఒట్టి అక్షరాలే దాచేది. ఆ తేడా ఎంత ముఖ్యమో నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసివచ్చింది.

ఉగాండా పిల్లల పేరున

వీఐ అసలు ప్రతిలో ఏటీ అండ్ టీ కంపెనీ హక్కులున్న భాగాలు ఉండడం వల్ల స్వేచ్ఛగా పంచడానికి వీలు లేకపోయింది. దాంతో పలువురు దాని నకళ్ళు సొంతంగా తయారుచేశారు. వాటిలో నిలిచినది నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ గారి 'విమ్'. (గిన్నెలు తోమే సబ్బుకూ దీనికీ చుట్టరికం లేదు.) తన అమీగా కంప్యూటరు మీద వాడుకోవడానికి 1988లో మొదలుపెట్టి, 1991లో లోకానికి ఇచ్చారు. ఆయన డబ్బు అడగలేదు. మీకిది ఉపయోగపడితే ఉగాండాలోని కిబాలే ప్రాంతపు పేద పిల్లలకు, అనాథలకు సాయం చేయండి అని మాత్రం కోరారు. 1990లలో ఆయన స్వయంగా కొంతకాలం అక్కడ పనిచేశారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ ఎడిటరును తామే చూసుకుంటూ 2023 ఆగస్టు 3న కన్నుమూశారు. నేటికీ విమ్ తెరిస్తే ఆ పిల్లల సంగతి మొదటి తెర మీద కనబడుతుంది. పింఛను, గ్రాట్యుటీ ఏదీ ఆశించకుండా ఇంత సర్వీసు చేసినవారిని మనం కూడా ఒకసారి తలచుకోవాలి.

ఇల్లు మారినా చెయ్యి అదే

మా పెద్దమ్మాయి 2001లో ఉద్యోగంలో చేరింది. వాళ్ళ సర్వర్ల మీద వీఐ తప్ప మరొకటి ఉండేది కాదు. మొదటి నెల ఏడ్చినంత పని చేసింది. మూడో నెలకు దాని వేగం చూసి మా అల్లుడే ఆశ్చర్యపోయాడు. 2006లో మరో కంపెనీలో అందరూ ఈమాక్స్ వాడేవారు. అదీ నేర్చుకుంది. కంట్రోల్ మీట నొక్కి నొక్కి చిటికెన వేలు నొప్పి పుట్టి, కొన్నాళ్ళకు విమ్‌కు తిరిగి వచ్చింది. 2014లో గిట్‌హబ్ వారు 'ఆటమ్' అనే ఎడిటరు తెస్తే ముచ్చటపడింది. అది 2022 డిసెంబరు 15న మూతపడింది. ఈలోగానే మైక్రోసాఫ్ట్ వారు 2015లో తెచ్చిన 'వీఎస్ కోడ్'కు మారిపోయింది. 2023లో జరిగిన ఒక పెద్ద సర్వేలో ప్రోగ్రామర్లలో నూటికి 70 మందికి పైగా అదే వాడుతున్నామన్నారు.

"ఇన్ని మారితే చేతికి అలవాటెలా కుదిరిందమ్మా?" అన్నాను.

"ఇల్లు మారాను గాని, వంట చేసే చెయ్యి అదే కదా నాన్నా! వీఎస్ కోడ్‌లో వీఐ మీటలు పెట్టుకున్నాను" అంది.

అదీ రహస్యం. పాత చేతిని గౌరవించిన ఎడిటర్లకే వలస వచ్చేవారు ఎక్కువ. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు గాని, పాతికేళ్ళు పనిచేసిన వేళ్ళకు ఆ సామెత వర్తించదు.

అన్నిసార్లు ఎడిటరు మార్చినా మా అమ్మాయి వ్రాసిన ఒక్క వరుసకూ హాని కలగలేదు. 2001లో వీఐలో వ్రాసిన ఫైలు ఈమాక్స్‌లో తెరుచుకుంది, ఆటమ్‌లో తెరుచుకుంది, వీఎస్ కోడ్‌లోనూ తెరుచుకుంటుంది. ఒక ఎడిటరు మూతపడితే కొద్ది రోజుల చికాకు తప్ప నష్టం లేదు. ఎందుకంటే వ్రాత సాదా పాఠంగా ఉంది, ఏ ఎడిటరుకూ తాకట్టు పడలేదు.

మన తెలుగు వ్రాత సంగతి

తెలుగుకు ఆ భాగ్యం ఆలస్యంగా దక్కింది. 1990లలో డీటీపీ కేంద్రాలలో వాడిన తెలుగు ఫాంట్లు ఒక్కో కంపెనీవి ఒక్కో తీరు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల చోట తలకట్లు, గుడులు, ఒత్తులు ఇష్టమొచ్చిన వరుసలో కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు, లేకపోతే పిచ్చి గీతలు. భారతీయ లిపులకు 1991లో 'ఇస్కీ' ప్రమాణం, అదే ఏడాది ప్రపంచ భాషలకు 'యూనికోడ్' వచ్చాయి. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. కాని 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చిన తరువాత గాని అది మామూలు కంప్యూటర్లకు అందలేదు.

ఈ తేడా ఖరీదు ఎంతో ఒక్క ఉదాహరణ. మా సెక్షన్ సూపరింటెండెంటు గారు ఒకరు 1998లో తమ సర్వీసు అనుభవాలు 60 పేజీలు డీటీపీ చేయించారు. 1977 దివిసీమ ఉప్పెన నాటి సహాయ విధుల గురించి అందులో వివరంగా వ్రాశారు. 2004లో కాలం చేశారు. 2015లో వారి అబ్బాయి దాన్ని అచ్చు వేయిద్దామనుకున్నాడు. ప్రింటు కాపీలో 41 పేజీలే మిగిలాయి. ఉప్పెన భాగం చెదలకు పోయింది. ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. డీటీపీ కేంద్రం ఎప్పుడో మూసేశారు, ఆ ఫాంటు దొరకలేదు.

సెలవుకు వచ్చిన మా అమ్మాయికి ఆ ఫైలు ఇచ్చాము. మిగిలిన 41 పేజీల కాగితం పక్కన పెట్టుకుని, ఏ పిచ్చి గీత ఏ తెలుగు అక్షరమో మేమిద్దరం నాలుగు రోజులు పట్టిక వ్రాశాము. ఆ పట్టిక చూసి విమ్‌లో ఒక్కొక్క ఆజ్ఞ కొట్టింది: ఫలానా గుర్తుకు బదులు ఫలానా అక్షరం, ఫైలంతటా. 1969లో థాంప్సన్ గారి ఈడీలో ఉన్న ఆజ్ఞే, మన జి.ఓ. సవరణ వాక్యమే! స్థానం తప్పిన ఒత్తులు, గుణింతాలు సర్దడానికి మరో రెండు రోజులు పట్టింది. చివరకు 42వ పేజీ నుంచి ఆయన మాటలు ఒక్కొక్కటే తెర మీద తేలాయి. ప్రూఫు చూసే పని నాది. చదువుతుంటే ఆయన గొంతు వినబడినట్లే అయింది. అచ్చయిన పుస్తకం అందుకుని వారి శ్రీమతి గారు చాలాసేపు మాట్లాడలేదు.

అందుచేత మిత్రులకు నా మనవి. మీలో సర్వీసు జ్ఞాపకాలో, వంశ వృక్షమో, ఊరి చరిత్రో వ్రాసుకున్నవారు ఉన్నారు. అది కంప్యూటరులో ఎక్కిస్తున్నప్పుడు టైపు చేసేవారిని "ఇది యూనికోడేనా?" అని అడగండి. పాత ఫాంటులో ఉన్న ఫైళ్ళుంటే, కాగితం కాపీ చేతిలో ఉండగానే మార్పించుకోండి. అలంకారాలున్న ప్రతితో పాటు ఒట్టి అక్షరాల ప్రతి ఒకటి వేరుగా దాచమని పిల్లలకు చెప్పండి. దాన్ని ఏ ఎడిటరులో తెరవాలన్నది వారి ఇష్టం. వాళ్ళు వాదించుకుంటే వాదించుకోనివ్వండి. రేపు ఏ ఎడిటరు వచ్చినా దానికి చదవడానికి మన మాట మిగిలి ఉండాలి.

సెలవు.